అమ్మ గుండెను విన్న డాక్టరు గారు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, కావలికి ఎండుచేపలు అమ్మడానికి వెళ్లిన మా పల్లె ఆడవాళ్లు ఖాళీ గంపలతో తిరిగి వచ్చి, ఇళ్లకు పోకుండా నేరుగా మా గుమ్మం ముందు నిలబడ్డారు. నేను బడి నుంచి అన్నానికి వచ్చి ఉన్నాను. వాళ్లలో పెద్దామె గంప దించి, కావలి డాక్టరు గారు పోయారని చెప్పింది. ఉదయం కాఫీ తాగి, ఆసుపత్రికి బయల్దేరబోతూ కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. వీధి చివరిదాకా జనం ఉన్నారట. అమ్మ పొయ్యి దగ్గర ఉండి ఆ మాట విన్నది. పొయ్యిలోని కట్టెలు వెనక్కి లాగి, నీళ్లు చల్లి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

మా అమ్మ ఈ పదేళ్లూ బతికి ఉన్నది ఆయన వల్ల. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నేను ఇక రాయబోయేదంతా దాని వివరమే. కావలి వైపు వాళ్లు ఇది చదివితే ఆయనెవరో ఇట్టే పోల్చుకుంటారు. మిగిలిన వాళ్లకు ఆయన పేరు తెలియకపోయినా నష్టం లేదు. మా పల్లెలో కూడా ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువే. డాక్టరు గారంటే ఆయనే, వేరే డాక్టరెవరైనా ఉంటే ఆ రెండో ఆయనకే ఏదో ఒక గుర్తు చెప్పుకోవాల్సి వచ్చేది.

మా పల్లె బోగోలు దాటి సముద్రం వైపు వెళితే ఇసుకలో ఉంటుంది. నాయనకు సొంత తెప్ప ఉంది. ఆయన తెచ్చిన చేపలను అమ్మ గంపలో పెట్టుకుని ఊళ్లమ్మట తిరిగి అమ్మేది. నేను ట్రైనింగు ముగించుకుని మా పల్లె బడిలోనే మాస్టరుగా చేరిన కొత్తలో అమ్మకు దడ పట్టుకుంది. అణాలు పోయి నయా పైసలు వచ్చిన కొత్త కూడా అదే. ఆ పైసల గందరగోళం వల్లే గుండె కొట్టుకుంటోందని అమ్మ చాలా రోజులు సర్కారును తిట్టింది. గంపలో బతికున్న చేప ఎగిరినట్టు రొమ్ములో ఏదో ఎగురుతోందని చెప్పేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం. తాయెత్తు కట్టిన చోటే ఉంది, దడా ఉన్న చోటే ఉంది. చివరికి ఒకరోజు బోగోలు దారిలో గంపతో సహా కూలబడింది. నాయనా నేనూ ఆమెను బస్సులో కావలి తీసుకుపోయాం.

డాక్టరు గారు గుండె జబ్బులకని ప్రత్యేకంగా చదివినవారు కాదు. జ్వరాలు, పురుళ్లు, తేలుకాట్లు, అన్నీ చూసేవారు. కాని గుండె చప్పుడంటే ఆయనకు ఒక మోజు. ఆసుపత్రి పక్కనే బియ్యం మిల్లు ఉండేది. ఇంజను చప్పుడుకు గోడలు అదిరేవి. గుండె వినాల్సిన మనిషి వస్తే కాంపౌండరు కిటికీలోంచి తువ్వాలు ఊపేవాడు, మిల్లులో ఇంజను ఆపేవారు. మిల్లు యజమాని గొణిగితే డాక్టరు గారు, మీ ఇంజను ఆగితే మళ్లీ తిప్పుకోవచ్చు గదయ్యా అనేవారట. మిల్లు ఆగిందంటే లోపల ఎవరికో గుండె చూస్తున్నారని బజారంతటికీ తెలిసిపోయేది. మా అమ్మకు ఆ రోజు మిల్లు చాలాసేపు ఆగింది.

ఆయన స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వెచ్చచేసి గాని ఒంటి మీద పెట్టేవారు కాదు. పెట్టాక కళ్లు మూసుకునేవారు. రెండో చేత్తో అమ్మ మణికట్టు పట్టుకున్నారు. గుండె కొట్టిన దెబ్బలన్నీ చేతిదాకా వస్తున్నాయా లేదా అని ఆయన పోల్చి చూస్తున్నారని నాకు తర్వాత తెలిసింది. కొన్ని దెబ్బల్లో బలం ఉండదట, నెత్తురు తోయకుండానే ముగిసిపోతాయట. కళ్లు తెరిచి అమ్మను ఒకే ప్రశ్న అడిగారు. చిన్నతనంలో మోకాళ్లు, మణికట్లు వాచి మంచాన పడ్డావా అని. అమ్మ బిత్తరపోయింది. పదేళ్లప్పుడు పడిందట. అది మా నాయనకే తెలియదు. ఆ కీళ్ల జ్వరమే పోతూ పోతూ గుండెలో ఒక తలుపును బిగదీసి పోయిందనీ, ఇన్నేళ్లూ ఆ ఇరుకు తలుపులోంచి నెత్తురు తోసీ తోసీ గుండె పై గదులు అలసిపోయాయనీ ఆయన చెప్పారు.

నాయనకు అర్థం కాలేదు. డాక్టరు గారు ఆయన వైపు తిరిగి, ఏం పని చేస్తావని అడిగి, తెప్ప ఉందని తెలుసుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"తెప్ప మీద నలుగురున్నారనుకో. నలుగురూ తలా ఒక పాట పాడుకుంటూ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు తెడ్డు వేస్తే ఏమవుతుంది?"

"తెప్ప ముందుకు పోదు సామీ. ఉన్న తావునే గిరగిరా తిరగతాది."

"మీ ఆవిడ గుండె పై గదుల్లో ఇప్పుడు జరిగేది అదే."

నాయన చాలాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు. ఆయనకు డాక్టర్లంటే ఉన్న బెరుకు ఆ తెప్ప మాటతో సగం పోయింది. ఆ తర్వాత డాక్టరు గారు మమ్మల్ని మద్రాసు పంపించారు. అక్కడి పెద్దాసుపత్రిలో గుండె నడకను కాగితం మీద గీసే యంత్రం ఉంది. ఆ పొడవాటి కాగితాన్ని తెచ్చి ఇస్తే, ఆయన బల్ల మీద పరిచి అమ్మకే చూపించారు. ఈ కొనదేలిన గీతలన్నీ నీ గుండె దెబ్బలు, ఏ రెండింటి మధ్యనైనా దూరం సమానంగా ఉందేమో చూడమన్నారు. అమ్మ వంగి చూసి, ఎప్పుడూ బడికి రాని పిల్లోడు గీసినట్టుందని నా వైపు చూసింది. జబ్బుతో ఉన్నా నన్ను దెప్పడం మానలేదు.

మందు చిన్న తెల్ల మాత్ర. ఏదో చెట్టు ఆకుల్లోంచి తీసేదట. ఆ మాత్ర పై గదుల్లో గోలను ఆపుతుందా అని నేను అడిగాను. ఆపదని ఆయన దాచకుండా చెప్పారు. "గోల ఆగదయ్యా మాస్టారూ. ఈ మందు కింది గదుల చెవుల్లో దూది పెడుతుంది. పైన ఎవరేం అరిచినా కిందివాళ్లు అన్నిటికీ ఉలిక్కిపడకుండా నిదానంగా పని చేసుకుంటారు." జబ్బు పోదు, జబ్బుతో బతకవచ్చు అని ఆయన మొదటి రోజే చెప్పారు. ఆ నిజాయితీకి నేను ఇవాళ్టికీ దణ్ణం పెడతాను. నయమైపోతుందని చెప్పి ఉంటే, మొదటిసారి దడ తిరిగి వచ్చినప్పుడే మేం మందు మానేసి ఉండేవాళ్లం.

ఉప్పు తగ్గించమనడం మాత్రం అమ్మకు శిక్ష వేసినట్టయింది. మా ఇంట్లో చూరు నిండా ఉప్పుచేపలు. సముద్రం పక్కన పుట్టినదాన్ని ఉప్పు లేకుండా ఎట్లా బతకమంటారని ఆమె అడిగింది. సముద్రాన్ని చూడు, తినకు అన్నారు డాక్టరు గారు. ఆ మాటను అమ్మ నెలల తరబడి అందరికీ చెప్పి నవ్వింది. నవ్వుతూనే ఉప్పుచేప మానేసింది.

ఇంకో చిక్కు వచ్చింది. ఆ మాత్ర ఎక్కువైతే గుండె మరీ నిదానించిపోతుందట. అందుకని రోజూ మాత్ర వేసే ముందు గుండె వేగం చూసుకోవాలి. నాడి పట్టడం నాయనకు నేర్పాలని డాక్టరు గారు అనుకున్నారు. నేను బడి పని మీద ఊళ్లు తిరుగుతుంటాను, రోజూ ఇంట్లో ఉండే మనిషి నేర్చుకోవడం మంచిదన్నారు. నాయన అమ్మ మణికట్టును పట్టుకుని ఎంతసేపు చూసినా ఏమీ తెలియలేదు. తాళ్లు లాగీ, తెడ్డు పట్టీ ఆయన వేళ్ల కొసలు కాయలు కాసి కొయ్యబారిపోయాయి. వేడి నిప్పును కూడా వేళ్లతో తీసే మనిషికి నాడి ఏం తెలుస్తుంది? ఆయన సిగ్గుపడి చేయి వదిలేశాడు.

వేళ్లు పనికిరాకపోతే చెవి ఉంది గదా అన్నారు డాక్టరు గారు. రొమ్ము మీద చెవి పెట్టి వినమన్నారు. మా నాయన నలుగురిలో అమ్మ పక్కన కూర్చోవడం కూడా నేను ఎరగను. ఆయన ఉన్న చోటే నిలబడిపోయాడు. డాక్టరు గారు నన్ను గోడకున్న క్యాలెండరు చూడమని, తాను కూడా కిటికీ వైపు తిరిగి, కాంపౌండరును పిలిచి తువ్వాలు ఊపమన్నారు. మిల్లు ఆగింది. క్యాలెండరులో ఆ నెల పండుగలన్నీ నేను రెండుసార్లు చదివినా నాయన తల ఎత్తలేదు. ఎత్తాక డాక్టరు గారి వైపు తిరిగాడు.

"ఇదేంది సామీ, ఇట్టా కొట్టుకుంటా ఉండాది? ఇన్నాళ్లూ దీన్ని మోసుకుంటానే ఊళ్లు తిరిగి చేపలమ్మినాదా ఈ మనిషి?"

 అమ్మ చీర కొంగు సర్దుకుంటూ నేలచూపులు చూసింది. ఆ రోజు నుంచి నాయన అమ్మను గంప ఎత్తనివ్వలేదు.

వినడం వచ్చింది, మరి వేగం తెలిసేదెలా? మా ఇంట్లో గడియారం లేదు. నాయనకు గడియారం చూడడమూ రాదు. దానికి డాక్టరు గారు చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒక ఆదివారం ఆయన బోగోలుదాకా బస్సులో, అక్కడి నుంచి ఎడ్లబండిలో మా పల్లెకు వచ్చారు. ఒడ్డున ఇసుకలో గొడుగు వేసుకుని కూర్చుని, చేతిగడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నారు. నాయనను ఒడ్డుకు లాగిన తెప్ప మీద కూర్చోబెట్టి, సముద్రంలో ఎట్లా వేస్తావో అట్లాగే తెడ్డు వెయ్యి అన్నారు. నాయన ఇసుక మీద ఉన్న తెప్పకు తెడ్డు వేస్తూ ఉంటే పల్లె పిల్లలంతా మూగారు. ఆడవాళ్లు పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. డాక్టరు గారు మాత్రం గడియారం మీంచి చూపు తిప్పలేదు. నాయన తెడ్డు ఎప్పుడైనా ఒకే నడకలో పడుతుందని చూసుకున్నాక, ఆయన తన లెక్క చెప్పారు. రోజూ పొద్దున్నే చెవి పెట్టి వింటూ, రెండో చేత్తో గాలిలో తెడ్డు వెయ్యాలి. ఒక తెడ్డు లోపల గుండె రెండుసార్లో అంతకంటే ఎక్కువో కొట్టుకుంటే మాత్ర వెయ్యవచ్చు. తెడ్డుకు ఒక్కటే దెబ్బ వినిపిస్తే ఆ రోజు మాత్ర వద్దు, వెంటనే కబురు చెయ్యాలి.

అదే మా ఇంట్లో రోజువారీ పద్ధతి అయింది. పొద్దున్నే నాయన అమ్మ రొమ్ము మీద చెవి ఆనించి, కుడిచేత్తో గాలిలో తెడ్డు వేసేవాడు. ఇంట్లోనే తెప్ప నడుపుతున్నాడని ఇరుగుపొరుగు వాళ్లు ఎగతాళి చేశారు. నాయన పట్టించుకోలేదు. అమ్మకు ఆయాసం తగ్గింది, కాళ్ల వాపు దిగింది, నిద్ర పట్టింది. డాక్టరు గారు ఇచ్చే మాత్రలు నెలకు సరిపడా చిన్న సీసాలో వచ్చేవి. నెలాఖరుకు సీసాలో ఒక్కటి కూడా మిగలకూడదు అని ఆయన ప్రతిసారీ గట్టిగా చెప్పేవారు. కాస్త నెమ్మదించగానే మందు మానేసే రోగులను చూసి చూసి ఆయనకు అలవాటైన మాట అది.

ఆ మరుసటి ఏడు ఎండల్లో గంగమ్మ జాతర వచ్చింది. తన ఒళ్లు బాగయినందుకు అమ్మ మొక్కుకుని చేతికి పసుపు దారం కట్టుకుంది. మా పల్లెలో ఆ దారం కట్టుకున్నారంటే జాతర ముగిసేదాకా నియమం. ఒంటిపూట తిండి, ఏ మందూ నోట్లో పెట్టకూడదు, భర్త దగ్గరికి రాకూడదు. నాయన ఆ రోజులన్నీ తెప్ప దగ్గరే పడుకున్నాడు. మాత్ర లేదు, చెవి పెట్టి వినడమూ లేదు. జాతర ముగిసి దారం విప్పిన రోజు అమ్మ సీసా తీసి చూసుకుంది. నెల అయిపోవస్తోంది, మాత్రలు మిగిలి ఉన్నాయి. ఒక్కటి కూడా మిగలకూడదన్న మాట గుర్తొచ్చింది. ఆ సాయంత్రం కొన్ని, పొద్దున లేచి కొన్ని వేసుకుని, సీసా ఖాళీ చేసి, కడిగి బోర్లించి పెట్టింది.

మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి ఆమె కళ్లకు లోకమంతా పసుపు రంగులోకి మారిపోయింది. ఇసుక పసుపు, గోడలు పసుపు, నేను కట్టుకున్న తెల్ల పంచె పసుపు. ఆ మాట ఆమె నోట వచ్చిందే తడవుగా పల్లె అంతా మా ఇంటి ముందు చేరింది. జాతర ముగిసిన మర్నాడే పసుపు కనిపించిందంటే మాకు ఒకటే అర్థం. గంగమ్మ ఆమె మీదికి వచ్చింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఆడవాళ్లు వచ్చి అమ్మ కాళ్లకు పసుపు రాసి, తమ మగవాళ్లు క్షేమంగా ఉంటారా, చేపలు పడతాయా అని అడగసాగారు. అమ్మ కళ్లు మూతలు పడుతున్నాయి. అమ్మవారు వచ్చిన మనిషికి మందు ఇవ్వకూడదనీ, ఆసుపత్రి మాట ఎత్తకూడదనీ పల్లె పెద్ద కట్టడి చేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. పల్లెకు అరిష్టం రాకూడదని ఆయన భయం.

నేను ఆయన ఎదుట నిలబడి, అమ్మను కదిలించం, డాక్టరు గారినే ఇక్కడికి తెస్తానని అడిగాను. చూడవచ్చు గాని మందు ఇవ్వకూడదన్న షరతు మీద ఒప్పుకున్నాడు. మర్నాడు ఉదయానికల్లా డాక్టరు గారిని తీసుకువచ్చాను. గుమ్మంలో పల్లె పెద్ద చేయి అడ్డం పెట్టాడు. అమ్మవారున్న ఇంట్లోకి తోలు వస్తువు రాకూడదు. డాక్టరు గారి సంచి తోలుది. ఆయన సంచి, చెప్పులు, నడుముకున్న బెల్టు బయట పెట్టారు. స్టెతస్కోపు కూడా సంచిలోనే వదిలేశారు. బావి దగ్గరికి వెళ్లి రెండు చేదల నీళ్లు నెత్తిన పోసుకుని, తడిబట్టలతో లోపలికి వచ్చారు. నాయనను కూడా స్నానం చేసి రమ్మన్నారు. తన బిడ్డ గుండె ఎట్లా ఉందో వినడానికి అమ్మవారు అడ్డు చెప్పదని ఆయన పల్లె పెద్దతో నెమ్మదిగా అంటే, పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు.

డాక్టరు గారు మణికట్టు పట్టుకున్నారు. నాయన చెవి ఆనించి, గాలిలో తెడ్డు వేయడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి నాయన ముఖం విచ్చుకుంది.

"సమంగా ఉండాది సామీ. తడబాటు లేదు, ఒకే నడక. బాగయిపోయినాది."

నేను సంతోషపడబోయి డాక్టరు గారి ముఖం చూసి ఆగిపోయాను. ఆయన వేళ్లు నాడి మీద, కళ్లు నాయన చేతి మీద ఉన్నాయి. సంతోషంలో నాయన లెక్క చూసుకోలేదు, తెడ్డుకు ఒక్కటే దెబ్బ పడుతోంది. అప్పుడప్పుడు ఒక తెడ్డు వట్టిదే పోతోంది. ఏం కనిపిస్తోందమ్మా అని ఆయన అడిగితే, మీ చొక్కా కూడా పసుపేనయ్యా అంది అమ్మ. ఆయన సీసా తెమ్మన్నారు. నేను తెచ్చిన ఖాళీ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, ఇంకా రోజులు ఉండగానే ఎట్లా అయిపోయాయని అడిగారు.

"మీరే గదయ్యా ఒక్కటి కూడా మిగలకూడదంటిరి."

డాక్టరు గారు మంచం పక్కన నేల మీద చతికిలబడ్డారు. అంత చదువుకున్న మనిషి, తడిబట్టల్లో, మా ఇసుక నేల మీద, అందరూ వింటూ ఉండగా అన్న మాట ఇది: "తప్పు నాదమ్మా. నీకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు." తర్వాత పల్లె పెద్ద వైపు తిరిగి, మందు ఇవ్వవద్దని మీరు పట్టుబట్టడమే మంచిదయింది, ఇంకొక్క మాత్ర పడి ఉంటే ఈమె దక్కేది కాదు, ఇంకో నాలుగు రోజులు అలాగే పట్టుబట్టండి అన్నారు. పల్లె పెద్ద నిటారుగా నిలబడ్డాడు. ఆ క్షణం నుంచి ఆయనే మా గుమ్మానికి కాపలా అయ్యాడు. ప్రశ్నలు అడగడానికి వచ్చిన ఆడవాళ్లను, అమ్మవారికి విశ్రాంతి కావాలని చెప్పి పంపేశాడు.

డాక్టరు గారు కావలి పోలేదు. మా బడి గదిలో మంచం వేయించుకుని ఉండిపోయారు. అమ్మకు కొబ్బరినీళ్లు తాగించమన్నారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వచ్చి నాయన చేత వినిపించి, గాలిలో ఆడే ఆ చేతిని చూసి వెళ్లేవారు. నడక సమంగా ఉంటే బాగయినట్టు కాదా అని నేను బడి అరుగు మీద ఆయనను అడిగాను. మీ అమ్మ గుండెకు తడబాటే మామూలు, అది ఉన్నట్టుండి బుద్ధిగా నడిచిందంటే నాకు భయమయ్యా అన్నారు. చెవిలో దూది కాస్తా మైనం పోసినట్టయిందట. పై గదుల మాట కిందికి అందడమే మానేసిందట. కింది గదులు దిక్కులేక తమంతట తాము నిదానంగా కొట్టుకుంటున్నాయట. ఇది అమ్మవారు కాదు, మందు ఎక్కువైందని పల్లెవాళ్లకు ఎందుకు చెప్పలేదని కూడా అడిగాను. ఆ మందు ఎక్కువైతే కళ్లకు పసుపు కమ్ముతుందని పుస్తకంలో చదివానే గాని, చూసినవాళ్ల నోట ఇప్పుడే విన్నానన్నారు. "మీ అమ్మకు పసుపు కనిపించింది నిజం. ఆమె బతకాలని పల్లె అంతా దణ్ణం పెట్టింది నిజం. నేను వచ్చింది ఆ రెంటితో తగువు పెట్టుకోవడానికి కాదు గదా."

ఒక ఉదయం నాయన చెవి ఆనించి, గాలిలో తెడ్డు వేస్తూ వేస్తూ, తడబడతా ఉండాది సామీ అన్నాడు. డాక్టరు గారు పెద్దగా నవ్వారు. గుండె తడబాటుకు అంత సంతోషించిన ఇల్లు ఇంకొకటి ఉండదు. అమ్మ కళ్లలో పసుపు కరిగి, నా పంచె మళ్లీ తెల్లగా కనిపించింది. సరిగా ఉతకడం లేదని అంది.

అప్పటి నుంచి ఆయన మందు ఇచ్చే తీరు మారిపోయింది. నేను తర్వాత ఎన్నోసార్లు కావలి వెళ్లాను, కళ్లారా చూశాను. మాత్రలు చేతిలో పెట్టే ముందు, ఈ నెలలో మీకు ఏమేం మొక్కులున్నాయి, ఏమేం ఉపవాసాలున్నాయి అని అడిగేవారు. రంజాను వస్తుంటే సాయిబులను అడిగేవారు. ఆ రోజుల్లో మందు ఎట్లా సర్దుకోవాలో చెప్పేవారు. ఆఖరున చెప్పింది తిరిగి చెప్పించుకునేవారు, అచ్చం బడిలో నేను పిల్లల చేత చెప్పించుకున్నట్టు. "తప్పిపోయిన మాత్ర తప్పిపోయినట్టే. దాని కోసం వెనక్కి పోవద్దు" అనే మాట ఆయన ఎంతమందికి చెప్పారో లెక్కలేదు. మిగలకూడదన్న పాత మాట ఆయన నోట మళ్లీ రాలేదు. తన మాట వల్ల ఒక మనిషి చావుదాకా పోయి వచ్చిందని ఆయన దాచుకోలేదు. కొత్త రోగులకు ఆ కథ తానే చెప్పేవారు. మా అమ్మ పేరు చెప్పకుండా, సముద్రం ఒడ్డు ఆవిడ అని చెప్పేవారు.

తర్వాత పదేళ్లలో మా వైపు చాలా మారింది. నైలాను వలలు వచ్చాయి. మద్రాసు యంత్రం లాంటిది నెల్లూరులో కూడా వచ్చింది. అమ్మ నా పెళ్లి చేసింది, ఇద్దరు మనుమరాళ్లకు నలుగు పెట్టి స్నానం చేయించింది, వాళ్లకు ఉప్పులేని చారు అలవాటు చేసి మా ఆవిడతో తగువు పడింది. ఒక మనిషికి పదేళ్లు ఇవ్వడం అంటే ఏమిటో ఈ చిన్న చిన్న సంగతుల్లోనే నాకు తెలుస్తుంది. ఆయనకు మేము ఏమిచ్చామని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. వంజరం చేప తీసుకుపోతే వద్దనేవారు కాదు, అంతే.

ఇక పోయిన నెల సంగతి. కబురు వచ్చిన సాయంత్రమే నాయన, నేను కావలి వెళ్లి ఆయనను చివరిసారి చూసి వచ్చాం. మర్నాటి ఉదయం దహనం. అంతకు ముందు కొన్ని వారాలుగా మా పల్లెలో వలకు చేప పడలేదు. పొయ్యిలు వెలగని ఇళ్లు కూడా ఉన్నాయి. సరిగ్గా ఆ ఉదయమే కానాగంత చేపలు గుంపుగా ఒడ్డుకు దగ్గరగా వచ్చాయి. నీళ్లు నల్లబారి కనిపిస్తున్నాయి. మగవాళ్లు వలలు తెప్పల మీదికి ఎక్కిస్తున్నారు. అప్పుడు అమ్మ ఇంట్లోంచి బయటికి వచ్చింది. ఇసుకలో ఎక్కడా ఆగకుండా నడుచుకుంటూ పల్లె పెద్ద దగ్గరికి పోయింది. నేను వెనకాలే వెళ్లాను.

మా పల్లెలో ఎవరు పోయినా, సాగనంపే రోజు తెప్ప సముద్రంలోకి దిగదు. అది మా కట్టుబాటు. ఈ రోజు తెప్పలు దిగకూడదని అమ్మ అడిగింది. మగవాళ్ల మధ్యకు వచ్చి ఆమె నోరు విప్పడం నేను అదే చూడడం. పల్లె పెద్ద ఇబ్బంది పడ్డాడు. ఆయన బాగా ముసలివాడైపోయాడు. డాక్టరు గారంటే ఆయనకూ గౌరవమే. కాని చుట్టూ ఉన్నవాళ్లు ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"ఆ కట్టుబాటు మన పల్లెలో పోయినోళ్లకు గదమ్మా. ఆయన పోయింది కావల్లో."

"ఆయన పోయింది కావల్లోనే మామా. నేను బతికింది ఈ పల్లెలో గదా."

 పల్లె పెద్ద ఒకసారి అమ్మను పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత తన కొడుకుల తెప్ప దగ్గరికి వెళ్లి, దాని మీదికి ఎక్కించిన వలను తన చేతులతో కిందికి దించాడు. పక్కవాళ్లు దించారు. ఆ వరసలో ఒక్కొక్కరే దించుకుంటూ వచ్చారు. గొణిగినవాళ్లు లేకపోలేదు, దించనివాళ్లు మాత్రం లేరు. అందరూ సముద్రం వైపు తిరిగి ఇసుకలో కూర్చున్నారు. అమ్మ కూడా వాళ్ల వెనకాల కూర్చుంది. పొద్దు బాగా ఎక్కేదాకా కానాగంతలు ఒడ్డు దగ్గర వెండిలా మెరుస్తూ ఎగిరి పడుతూనే ఉన్నాయి, పైన పక్షులు అరుస్తూ వాటిని ఏరుకు తింటూనే ఉన్నాయి, అన్నం లేని ఇళ్ల మగవాళ్లు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటిని చూస్తూ కూర్చున్నారు.